అక్షరాలు చెదిరి కనిపిస్తే సేవ్ నొక్కకండి

ఉగాది ప్రత్యేక సంచికలు వెబ్‌సైట్లలోకి ఎక్కే రోజులు దగ్గరపడ్డాయి. ఈ మధ్యే ఒక చిన్న మాసపత్రిక తన సైటును కొత్త సర్వర్‌కు మార్చుకుంది. పేజీలన్నీ చెదిరి కనిపించేసరికి నిర్వాహకులు కంగారుపడి, ఒక్కొక్క ఫైలూ తెరిచి ఏఎన్‌ఎస్‌ఐ అనే పాత అక్షర సంకేత పద్ధతిలో సేవ్ చేసి, పాతదాని మీదే ఎక్కించారు. తెల్లవారేసరికి పాత సంచికల నిండా ప్రశ్నార్థకాలే మిగిలాయి. వేరే కాపీ లేదు.

బ్యాకప్ ఉంచుకోవాలని అందరికీ తెలుసు. నేను చెప్పదలచింది వేరు: చెదిరిన ఫైలును సేవ్ చేయకండి.

చెదరడంలో రకాలు

అక్షరాలను సంఖ్యలుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ మూడు బైట్లు (ఒక్కొక్కటి 0 నుంచి 255 లోపు సంఖ్య) పడతాయి. 'త' అంటే 224, 176, 164. సర్వర్ ఆ పేజీ పాత పాశ్చాత్య సంకేత పద్ధతిలో ఉందని ప్రకటిస్తే, బ్రౌజర్ ఆ మూడింటినీ విడివిడిగా చదివి, నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు ఎ, డిగ్రీ గుర్తు, మరొక చిహ్నం చూపిస్తుంది. పేజీ నిండా ఆ ఎ కనిపిస్తోందంటే చాలావరకు ఫైలు క్షేమంగానే ఉంది, తప్పు ప్రకటనలో ఉంది. పేజీ లోపల మీరు యూటీఎఫ్-8 అని రాసినా సర్వర్ మాటే నెగ్గుతుంది. కాబట్టి దిద్దవలసింది సర్వర్ అమరికను.

ప్రశ్నార్థకాల సంగతి వేరు. ఏఎన్‌ఎస్‌ఐలో తెలుగుకు చోటు లేదు కనుక సేవ్ చేయగానే ప్రతి అక్షరం స్థానంలో 63వ సంఖ్య, అంటే ప్రశ్నార్థకం, కూర్చుంటుంది. అసలు అక్షరం ఏదో చెప్పే ఆనవాలు ఆ ఫైలులో మిగలదు. నోట్‌ప్యాడ్ ముందే హెచ్చరిస్తుంది, చదవకుండా సరే అంటారు.

చెదిరిన రూపాన్నే యూటీఎఫ్-8లో సేవ్ చేస్తే నష్టం ఇంకా మోసకారిగా ఉంటుంది. పొల్లు చివరి బైటు 141, ఉకారపు కొమ్ముది 129. విండోస్ పాశ్చాత్య పట్టికలో ఈ రెండు స్థానాలూ ఖాళీ. కొన్ని సాధనాలు వాటిని జారవిడుస్తాయి. తర్వాత వెనక్కి తిప్పినా ఒత్తులు, కొమ్ములు తిరిగి రావు. అందుకే మళ్లీ చెబుతున్నాను, సేవ్ నొక్కకండి.

బొమ్మలు

ఎఫ్‌టీపీ (సర్వర్‌కు ఫైళ్లు పంపే విధానం)లో టెక్స్ట్ పద్ధతి, బైనరీ పద్ధతి అని రెండున్నాయి. టెక్స్ట్ పద్ధతి పంక్తుల చివరి గుర్తులను మారుస్తుంది, బైనరీ దేన్నీ మార్చదు. విండోస్ నుంచి లినక్స్‌కు పంపేటప్పుడు పంక్తి చివరి 13, 10 అనే బైట్ల జంటలో 13 పోతుంది. ఈ ప్రమాదాన్ని పట్టుకోవడానికే పీఎన్‌జీ బొమ్మ మొదటి ఎనిమిది బైట్లలో ఆ జంటను పెట్టారు. సర్వర్‌లో బొమ్మ పరిమాణం కాస్త తగ్గి, తెరుచుకోకపోతే బైనరీలో మళ్లీ పంపండి. జిప్, పీడీఎఫ్ కూడా బైనరీలోనే.

ఇక మిగిలినవి, పని మొదలుపెట్టే ముందు:

సర్వర్‌లో ఖాళీ చోటు చూడండి. నిండితే ఫైలు పేరు ఉంటుంది, లోపల సున్నా బైట్లు.

పీహెచ్‌పీ ఫైళ్లను బామ్ (ఫైలు మొదట్లో చేరే గుర్తు) లేని యూటీఎఫ్-8లో ఉంచండి. మొదట్లో కనిపించని మూడు బైట్లు చేరితే లాగిన్లు చెడతాయి.

పేర్లన్నీ చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి. లినక్స్‌కు పెద్ద, చిన్న అక్షరాలు వేరు.

ఒకే పేజీ ఎక్కించి, చూసి, తర్వాతే మిగతావి.

రెండువైపులా పరిమాణాలు పోల్చండి. ముఖ్యమైన వాటికి, ఫైలు బైట్ల నుంచి లెక్కకట్టే సరిచూపు సంఖ్య, అంటే చెక్‌సమ్ తీయండి.

హోస్టింగ్ ప్యానెల్ ఎడిటర్‌లో తెలుగు ఫైలు తెరవకండి.

పేజీ చెదిరిందా? చేయి తీయండి. సర్వర్‌లోని ఫైలును ఉన్నది ఉన్నట్టు వేరే పేరుతో దించుకోండి. ఆ కాపీ మీదే ప్రయత్నాలన్నీ చేయండి.

అసలు ఫైలును సేవ్ చేయకండి. ఎవరు తొందరపెట్టినా, సంచిక ఒక రోజు ఆలస్యమైనా సరే, చేయకండి.