చర్మ ఇన్ఫెక్షన్ కేసుకు కోడ్ వేసే ముందు

ఏటా అక్టోబర్ 1 నుంచి ఐసీడీ-10-సీఎం (అమెరికాలో రోగాలకు వాడే కోడ్‌ల జాబితా) కొత్త ఏడాది కోడ్‌లు అమల్లోకి వస్తాయి కనుక, హనుమకొండ, వరంగల్‌లలో ఉండి అమెరికా రోగుల ఫైళ్లు చూసి బీమా క్లెయిమ్‌లకు రోగాల కోడ్‌లు వేసే కోడర్లు వీటిని సరిచూసుకోవాలి.

• డాక్టర్ రాయని రోగం పేరును మనం పెట్టకూడదు. ఎరుపు, వాపు, వేడి ఉన్నాయని రాసినంత మాత్రాన దానిని సెల్యులైటిస్‌గా (చర్మం లోపలి పొరల ఇన్ఫెక్షన్) భావించి దాని కోడ్ ఎల్03 వేస్తే, ఆడిట్‌లో అది తప్పుడు క్లెయిమ్‌గా తేలి, చెల్లించిన సొమ్మును తిరిగి కట్టవలసి రావచ్చు. సందేహం ఉంటే డాక్టర్‌కు క్వెరీ (వివరణ కోరే ప్రశ్న) పంపాలి.

• ఓపీ రికార్డులో "సెల్యులైటిస్ కావచ్చు" అని ఉంటే, ఆ వ్యాధికి కాక లక్షణానికే కోడ్ వేయాలి.

• కుడి కాలి సెల్యులైటిస్‌కు ఎల్03.115, ఎడమ కాలికి ఎల్03.116. ఒకసారి నేను చూసిన నోట్‌లో పై పేరాలో కుడి అని, చికిత్స వివరాల్లో ఎడమ అని ఉంది. పై పేరా మాత్రమే చదివి మూసేసినందుకు ఆ క్లెయిమ్ తిరిగి వచ్చింది.

• చీముగడ్డకు ఎల్02 ఉండగా ఎల్08.9 (ఏ రకమో చెప్పని చర్మ ఇన్ఫెక్షన్) వేయడం బద్ధకమే.

• ఎమ్మార్‌ఎస్‌ఏ (కొన్ని యాంటీబయాటిక్స్‌కు లొంగని బ్యాక్టీరియా) కారణమని డాక్టర్ రాస్తే బీ95.62 జోడించాలి, కానీ దానిని మొదటి స్థానంలో పెట్టకూడదు.

• ఆపరేషన్ గాయం చీము పడితే ముందుగా టీ81.4 వర్గం చూడాలి.

• సెప్టెంబర్ 30 నాటి ఓపీ విజిట్‌కు, ఫైలు అక్టోబర్‌లో చేతికొచ్చినా, పాత కోడ్‌లే వర్తిస్తాయి.