ఇంటి వెనక కట్టెల పాక – మూడో పాఠం: కప్పు

రెండో పాఠం దాకా చేసినవాళ్ల పెరట్లో ఈపాటికి ఆరు సరుగుడు బాదులు నిలబడి ఉండాలి. ముందు వరసలో మూడు, నేల నుంచి 7 అడుగుల ఎత్తు. వెనక వరసలో మూడు, 6 అడుగులు. పాక పొడవు 8 అడుగులు, లోతు 4 అడుగులు. బాదు ఏదీ మట్టికి తగలకూడదు. కాంక్రీటులో పాతిన ఎల్ ఆకారపు ఇనప యాంగ్లరుకు రెండేసి బోల్టులతో బిగించి, నేలకు రెండంగుళాల పైనే ఆపేశాం. చెదలు ఎక్కాలంటే ఇనుము మీద మట్టి పెట్టుకుంటూ రావాలి, అది కంటపడుతుంది, పుల్లతో గీకేస్తే సరిపోతుంది. ఆ పని ఇంకా కానివాళ్లు అది ముగించి, కాంక్రీటుకు వారం రోజులు నీళ్లు కొట్టాకే ఈ పాఠంలోకి రండి.

కప్పు వేయడానికి మన దగ్గర మంచి అదను శ్రావణ, భాద్రపదాలు. ఆషాఢంలో పడమటి గాలికి రేకు చేతిలో నిలవదు. దసరా దాటితే ఈశాన్య రుతుపవనాల వానలు ఎప్పుడు పట్టుకుంటాయో తెలియదు. నెల్లూరు జిల్లాకు అసలు వాన అప్పుడే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కట్టెలు తడిసేదీ అప్పుడే.

కప్పు అనగానే చాలామంది అది ఎంత బరువు మోస్తుందా అని చూస్తారు. మోయడానికి అక్కడ పెద్ద బరువేమీ లేదు. జింకు రేకులూ, వాటి కింద ముందు నుంచి వెనక్కి వేసే వాసాలూ, వాసాల మీద అడ్డంగా వేసే పట్టీలూ అన్నీ కలిపినా వంద కిలోల లోపే. ఇబ్బంది కిందికి దిగే బరువుతో కాదు, పైకి లేపే గాలితో.

ఒక ముతక లెక్క వేద్దాం. గాలి వేగాన్ని సెకనుకు ఇన్ని మీటర్లని రాసుకుని, ఆ అంకెను దానితోనే గుణించి, మళ్లీ 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు ఎన్ని న్యూటన్ల ఒత్తిడో వస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల గాలి అంటే సెకనుకు సుమారు 28 మీటర్లు. లెక్క కడితే చదరపు మీటరుకు 470 న్యూటన్లు, అంటే దాదాపు 48 కిలోల బరువుతో సమానం. చూరుతో కలిపి మన కప్పు 10 అడుగులు, 6 అడుగులు. ఐదున్నర చదరపు మీటర్లు. మొత్తం మీద 260 కిలోల ఎత్తుడు. నిజానికి గాలి అన్నిచోట్లా ఒకేలా లాగదు. అంచుల్లో ఎక్కువ, మధ్యలో తక్కువ. మన పనికి ఈ అంచనా చాలు. భవనాల గాలి లెక్కలకు వాడే భారత ప్రమాణం ఐఎస్ 875లో నెల్లూరుకు ఇచ్చిన వేగం సెకనుకు 50 మీటర్లు, గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగానికైతే ఎత్తుడు 800 కిలోలు దాటుతుంది.

ఇప్పుడు రేకుల మీద ఇసుక మూటలు పెట్టే అలవాటు సంగతి చూడండి. 30 కిలోల మూటలు నాలుగు పెట్టినా 120 కిలోలే. వంద కిలోమీటర్ల గాలికే అది చాలదు. రాళ్లయితే మరీ ప్రమాదం, రేకు లేచిందంటే రాయి పక్కింటి పెరట్లో పడుతుంది. బరువు పైన పెట్టొద్దు, కింద ఉన్న బరువుకే కట్టేయండి. పోయినసారి ఒక్కో గుంటలో, అడుగు పొడవు, అడుగు వెడల్పు, రెండడుగుల లోతున పోసిన కాంక్రీటు ఇంచుమించు 130 కిలోలు. ఆరు గుంటలవీ కలిపితే 780. రేకు నుంచి పట్టీకి, పట్టీ నుంచి వాసానికి, వాసం నుంచి బాదుకు, బాదు నుంచి ఆ కాంక్రీటుకు పట్టు ఎక్కడా తెగకుండా ఉంటే చాలు. నాలుగు చోట్ల గట్టిగా కట్టి ఒక్కచోట మేకుతో సరిపెడితే, గాలి ఆ మేకునే పీకుతుంది.

ఎటువైపు గాలి అనుకోవాలి? వాన ఈశాన్యం నుంచి వస్తుంది కాబట్టి పాక వీపు ఉత్తరానికి, ముఖం దక్షిణానికి అని మొదటి పాఠంలోనే పెట్టుకున్నాం. (దక్షిణ ముఖం ఏమిటని వాస్తు అడిగేవాళ్లకు: ఇది కట్టెలకు ఇల్లు, మనకు కాదు.) కానీ తుపాను గాలి ఒకే దిక్కున ఉండదు. బంగాళాఖాతం తుపాను గడియారం ముళ్లకు ఎదురుగా తిరుగుతుంది. మనకు దక్షిణంగా తీరం దాటితే మనకు తూర్పు గాలి, ఉత్తరంగా దాటితే పడమటి గాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలా తీరం వెంబడి ఉత్తరానికి పోయే తుపానుకు నెల్లూరు వైపు గాలి ఉత్తరాన మొదలై పడమరకు, ఆపైన నైరుతికి తిరుగుతుంది. నైరుతి గాలి నేరుగా మన పాక నోట్లోకే వస్తుంది. లోపలికొచ్చిన గాలికి బయటికి దారి లేకపోతే కప్పు గొడుగులా తిరగబడుతుంది. అందుకే వెనక వైపు గోడ కట్టొద్దు, టార్పాలిన్ బిగించొద్దు. సందులు వదిలి బద్దలు కొడదాం, అది వచ్చే పాఠంలో. కట్టెలు ఆరడానికీ ఆ సందులే కావాలి.

కప్పు దేనితో? తాటాకు చల్లన, చవక. అయితే రెండు మూడేళ్లకోసారి మార్చుకోవాలి, చెదలు పడతాయి, కట్టెల పొయ్యి దగ్గరుంటే నిప్పు రవ్వ భయం. సిమెంటు రేకు నాకు ఇష్టం లేదు. చిన్న దెబ్బకే పగులుతుంది, పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, బెజ్జం వేస్తే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఇంట్లో పాతవి పడి ఉన్నాయని వాడాల్సి వస్తే, బెజ్జం వేసేచోట నీళ్లు పోస్తూ, ముక్కుకు మాస్కు కట్టుకుని చేతి డ్రిల్లుతో వేయండి. జింకు రేకు సిమెంటు రేకు కన్నా తేలిక. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఉప్పు గాలి తగిలే ఊళ్లలో మాత్రం జింకు త్వరగా తుప్పు పడుతుంది, ముందు స్క్రూ తలల దగ్గరే మొదలవుతుంది. అక్కడివాళ్లు అల్యూమినియం రేకు తీసుకోవడం మేలు. 6 అడుగుల రేకులు నాలుగు కావాలి. కొనే ముందు వెడల్పు టేపు పెట్టి కొలవండి. ఒకదాని మీద ఒకటి ఎక్కగా మిగిలేది రేకుకు రెండున్నర అడుగులు ఉండాలి.

ఇక పని. ముందు వాసాలు. 6 అడుగుల సరుగుడు కర్రలు మూడు, రెండున్నర అంగుళాల లావు. ఒక్కో జత బాదుల మీద ముందు నుంచి వెనక్కి ఒకటి. వాసం దొర్లకుండా బాదు తలను ఉలితో కొద్దిగా పల్లంగా చెక్కండి. మేకు ఒక్కటే, అదీ జారకుండా ఉండటానికి. అసలు పట్టు తీగది. బాదు తలకు ఆరంగుళాల కింద అడ్డంగా బెజ్జం వేసి, 10 గేజీ జీఐ తీగ (జింకు పూత పూసిన ఇనప తీగ) అందులోంచి దూర్చి, రెండు కొసలూ పైకి తెచ్చి వాసం మీద ఇంటూ గుర్తులా దాటించి పక్కన కలపండి. ఇప్పుడు జానెడు ఇనప కడ్డీ దూర్చి మెలి తిప్పాలి. మొదటి మెలికలు వదులుగా తిరుగుతాయి. తర్వాత తీగ బాదులోకి కొంచెం దిగుతుంది, కడ్డీ బరువెక్కుతుంది. వేలితో మీటితే కదలకుండా టంగుమంటే చాలు. మెలిక దగ్గర జింకు పూత పొరలుగా రాలుతున్నా, తీగ తెల్లబారుతున్నా అక్కడితో ఆపేయండి. ఇంకొక్క చుట్టు తిప్పితే తెగుతుంది. తెగకపోయినా గాలికి తెగుతుంది. సరుగుడు గట్టి కర్ర, ఎండాక బెజ్జం లేకుండా మేకు కొడితే నిలువునా చీలుతుంది. అందుకని ప్రతి మేకుకూ ముందు సన్న బెజ్జం తప్పదు.

వాసాల మీద పట్టీలు. 10 అడుగుల కర్రలు నాలుగు, పాక పొడవునా. రేకు రెండు చివరల నుంచి 4 అంగుళాలు వదిలి మొదటిదీ చివరిదీ, మధ్యవి 21 అంగుళాలకొకటి. స్క్రూ నిలకడగా దిగడానికి పైమొహం అంగుళం వెడల్పున బాడిసతో చదును చేయించండి. వాసమూ పట్టీ కలిసే పన్నెండు చోట్లా 8 మి.మీ. బోల్టు, రెండువైపులా వాషర్లు. ఈ పని విసుగు పుట్టిస్తుంది, కానీ ఇక్కడ మేకుతో కానిస్తే పైన చెప్పిన లెక్కంతా వృథా.

ముందు 7, వెనక 6 అంటే నాలుగడుగులకు ఒక అడుగు వాలు, చాలు. చూరు ముందూ వెనకా దాదాపు 11 అంగుళాలు వస్తుంది. వెనక చూరు కింద నీళ్లు ధారగా పడేచోట కంకర పోయండి, బురద కట్టెల మీదికి చిమ్మదు. చీమకుర్తి వైపు వాళ్లకు గ్రానైటు పెచ్చులు ఎలాగూ దొరుకుతాయి.

రేకులు పడమటి కొస నుంచి పరచడం మొదలుపెట్టి తూర్పుకు రండి. అప్పుడు పై రేకు అంచు పడమరకు ఉంటుంది, తూర్పు జల్లు సందులోకి దూరదు. స్క్రూ ఎప్పుడూ రేకు మిట్ట మీదే. పల్లంలో నీళ్లు పారతాయి కాబట్టి అక్కడ బెజ్జం వేస్తే కారడం ఖాయం. రబ్బరు వాషరున్న స్క్రూలు, రెండున్నర అంగుళాలవి. చుట్టూ అంచుల్లో ఒక మిట్ట విడిచి ఒక మిట్టకు, మధ్యలో రెండు విడిచి ఒకదానికి. చూరు పట్టీలకు స్క్రూ బదులు జె హుక్కు వేస్తే ఇంకా మంచిది. అది కర్రను కింది నుంచి పట్టుకుంటుంది. బిగించేటప్పుడు వాషరు వంక చూడండి. రబ్బరు పైనున్న ఇనప టోపీ అంచు దాటి నూలుపోగంత బయటికి ఉబ్బగానే చేయి తీయాలి. ఉబ్బకపోతే నీళ్లు దిగుతాయి. మరీ ఉబ్బితే రబ్బరు చీలి ఎండలకు పెళుసెక్కుతుంది, రేకు మిట్ట కూడా సొట్టపడుతుంది.

పని పొద్దున్నే పెట్టుకోండి. పది దాటితే రేకు చేయి కాలుస్తుంది. తొడుగులు లేకుండా అంచు ముట్టుకోవద్దు. పైన కరెంటు తీగ వెళ్తుంటే రేకు నిలువుగా ఎత్తొద్దు. కప్పు మీదికి ఎక్కే పనే లేదు, చుట్టూ నిచ్చెన వేసుకుంటే అన్నీ అందుతాయి.

అయ్యాక ఇద్దరు చెరో మూల చూరు పట్టుకుని పైకి ఎత్తి చూడండి. ఎక్కడన్నా కిర్రుమంటే ఆ కట్టు మళ్లీ బిగించాలి. కర్ర ఎండేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి దీపావళికి ముందు ఒకసారి తీగలన్నీ మీటి చూసి, వదులైనచోట అర మెలిక తిప్పండి.

నాలుగో పాఠంలో వెనక బద్దలు, కట్టెల పేర్పు. దానికి 8 అడుగుల తాటి బద్దలు తెప్పించుకోండి. పచ్చివి దొరికితే ఇప్పుడే తెచ్చి నీడన, నేలకు తగలకుండా ఆరబెట్టండి.