అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగస్తులు, ఇంట్లో ఇద్దరు మగపిల్లలు: బెజవాడ ఇంటికి ఏడాది పొడుగునా పని పద్ధతి

ఇద్దరూ పొద్దున తొమ్మిదికల్లా బయటపడే ఇంట్లో, ఎనిమిదికీ పదహారుకీ మధ్య వయసు మగపిల్లలు ఇద్దరుంటే ఆ ఇంటికి ఏడాది జనవరిలో మొదలవదు, ఉగాదికీ మొదలవదు. ఏప్రిల్ చివర్లో బడి మూసేసిన రోజు మొదలవుతుంది. ఆ ఏడు వారాల సెలవుల్లో పిల్లలకి ఏం నేర్పారన్నదాన్ని బట్టే జూన్ 12 తర్వాత ఇల్లు నడుస్తుంది. బడి రోజుల్లో కొత్త పని నేర్పడం అయ్యేది కాదు. గేటు దగ్గర ఆటో హారన్ కొడుతుంటే ఎవరికీ ఓపిక ఉండదు. "నువ్వు లే, నేను చేస్తాలే" అంటాం. వాడు ఆ పనిని మళ్లీ ముట్టుకోడు. అందుకే పని సెలవుల్లో నేర్పాలి, బడి తెరిచాక అప్పగించాలి. ఆడపిల్లకి చాలా ఇళ్లలో ఎవరూ అనుకోకుండానే వంటింటి పని అంటగడతారు, అదీ న్యాయం కాదు. మగపిల్లాడికి మాత్రం కూర్చోబెట్టి నేర్పితే తప్ప రాదు.

వేసవి: వంటిల్లు

మే నెలలో బెజవాడ ఎండ 42 డిగ్రీలు దాటిందంటే పది తర్వాత పొయ్యి దగ్గర పాఠాలు కుదరవు. పొద్దున ఏడు నుంచి ఎనిమిదిన్నర లోపే ముగించాలి. వారానికి ఒక్క వంటకమే నేర్పండి, ఆ వారమంతా అదే వాడి చేత చేయించండి. రోజుకొకటి నేర్పితే ఏదీ చేతికి రాదు.

ఎనిమిది, పదేళ్ల వాడికి పొయ్యి అక్కర్లేదు. బియ్యం కడగడం, ఆకుకూర వలవడం, వెల్లుల్లి పొట్టు తీయడం, మంచినీళ్ల సీసాలు నింపడం చాలు. పదకొండు దాటాక పెద్దవాళ్లు పక్కనుండగా అన్నం పెట్టించవచ్చు. పాత సోనా మసూరి అయితే గ్లాసు బియ్యానికి రెండున్నర గ్లాసుల నీళ్లు, కొత్త బియ్యమైతే రెండు చాలు. ఇరవై నిమిషాలు నాననిచ్చి మూడు విజిళ్లు రానివ్వాలి. అన్నం ముద్దయిందంటే సాధారణంగా కొత్త బియ్యానికి పాత బియ్యం కొలత వాడారని అర్థం. కుక్కర్‌లో మూడింట రెండు వంతులకు మించి నింపకూడదు, పప్పయితే సగమే, ఎందుకంటే పప్పు నురగ పొంగి విజిల్ రంధ్రానికి అడ్డు పడుతుంది. పిల్లలు తొందరలో చేసే పెద్ద ప్రమాదం ఒకటుంది: గరిటెతో విజిల్ లేపి, ఆవిరి పూర్తిగా పోకముందే మూత లాగడం. "మూత దానంతట అది తేలిగ్గా రావాలి, బలంగా లాగాల్సి వస్తే ఇంకా ఆవిరి ఉన్నట్టే" అన్న మాట మొదటి రోజే చెప్పాలి.

పదమూడేళ్ల వాడికి ఉప్మా, చారు, పప్పు. బొంబాయి రవ్వ గ్లాసుకి మూడు గ్లాసుల నీళ్లు. ఉండలు కట్టేది రెండు కారణాలకి: రవ్వ వేయించకపోవడం, నీళ్లు బాగా తెర్లక ముందే పోసేయడం. మంట తగ్గించి ఒక చేత్తో సన్నగా పోస్తూ రెండో చేత్తో కలపాలి. ఇడ్లీ పిండికి గ్లాసు మినపగుళ్లు, రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. గుళ్లు నాలుగు గంటలు నానాలి, రవ్వని కడిగి గట్టిగా పిండాలి. మేలో ఐదారు గంటలకే పిండి పులిసిపోతుంది, రాత్రంతా బయట ఉంచితే తెల్లారేసరికి పుల్లగా అయిపోతుంది. అదే పిండికి జనవరిలో పది, పన్నెండు గంటలు పడుతుంది.

ఆవకాయ రోజు పిల్లలిద్దరికీ పనుంటుంది. కాయలు తుడవడం, కొట్టిన ముక్కల్లోంచి జీడి, పొర తీయడం, పొడిగుడ్డతో ముక్క ముక్కా తుడవడం వాళ్లవి. నాలుగు గిన్నెల ముక్కలకి గిన్నె కారం, గిన్నె ఆవపిండి, ముప్పావు గిన్నె ఉప్పు, గిన్నెన్నర నువ్వుల నూనె. మూడో రోజు తిరగ కలిపి, నూనె పైకి తేలకపోతే కాస్త పోయాలి. బూజు పట్టిందంటే తడి అయినా తగిలి ఉండాలి, నూనె అయినా చాలకపోయి ఉండాలి. ఈ పనిలో కూర్చున్న పిల్లాడు తడి చేత్తో జాడీలో చెయ్యి పెట్టడు, కారణం వాడికి తెలుసు కాబట్టి.

వేసవి: నీళ్లు

బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఊరి మధ్యలోంచే పోతాయి. వేసవిలో తగ్గిన నీళ్లు చూసి పిల్లలు లోతు లేదనుకుంటారు. కట్టిన గట్లు నాచు పట్టి జారతాయి, దిగినవాడికి పట్టుకుని ఎక్కడానికి ఏమీ దొరకదు, పైన నీళ్లు వదిలితే వడి పెరుగుతుంది. కాబట్టి ఏప్రిల్‌లోనే శిక్షకుడున్న కొలనులో ఈత నేర్పించండి. వచ్చిన తర్వాత కూడా కాలువలోకీ, బ్యారేజీ దిగువన కృష్ణలోకీ దిగడం లేదు. ఎవరైనా మునిగిపోతుంటే దూకకూడదని, కర్ర, తాడు, తువ్వాలు, ఏది దొరికితే అది అందించి పెద్దగా కేకలు వేయాలని విడిగా చెప్పాలి. స్నేహితుణ్ణి కాపాడబోయి పోయిన పిల్లలు చాలామంది.

మే నెలాఖరు: బట్టలు, బూట్లు

యూనిఫాం గుడ్డ మే రెండో వారానికే దర్జీకి చేరాలి. జూన్ మొదటి వారంలో ఇస్తే బడి తెరిచిన పది రోజులకి గానీ చేతికి రాదు. నూలు కలిసిన గుడ్డ కుట్టించే ముందు ఒకసారి నీళ్లలో నానబెట్టి ఆరేయాలి, లేకపోతే కుట్టాక కురచవుతుంది. ప్యాంటు అంచు లోపలికి రెండంగుళాల మడత వేయమనండి. పదమూడు, పద్నాలుగేళ్ల ప్రాంతంలో అబ్బాయిలు ఏడాదికి ఎనిమిది, పది సెంటీమీటర్లు పెరగవచ్చు, దసరాకే ఆ మడత విప్పాల్సి వస్తుంది. ఒక్కొక్కరికి మూడు జతలు కావాలి. రెండైతే వానాకాలంలో చాలవు. బెసెంట్ రోడ్డులోనో వన్‌టౌన్‌లోనో మామూలు బట్టలు కొంటే మటుకు ఏడాదికి సరిపడా ఒకేసారి కొనకండి, సగం ఇప్పుడు, సగం సంక్రాంతికి.

బూట్లు జూన్ మొదటి వారంలో, సాయంత్రం పూట, సాక్సు తొడిగి కొనాలి. పొద్దుటి కంటే సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బుతుంది. పొడుగు వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉంటే చాలు. రెండు సైజులు పెద్దవి కొంటే మడమ రాసుకుని పుండవుతుంది, వాడు వెనక తొక్కి వేసుకుంటాడు, బూటు మూణ్ణెల్లకే పోతుంది.

జూన్ నుంచి: పని అప్పగించడం

ఒక పని ఒక నెలంతా ఒకడిదే. రోజు మార్చి రోజు వంతులు పెడితే "నిన్న నేనే చేశా" అనే తగాదా తప్పదు. తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి బండి వచ్చేసరికి ఇవ్వడం ఒకడిది. క్యారేజీ డబ్బాలు ఇంటికి రాగానే కడిగి, మూతలోని రబ్బరు రింగు తీసి ఆరబెట్టడం రెండోవాడిది. రింగు తీయకుండా కడిగితే మూడో రోజుకి వాసన వస్తుంది, ఆ డబ్బాలో పెట్టిన అన్నాన్ని పిల్లాడు తినకుండా తెచ్చేస్తాడు, మనం వాడికి ఆకలి మందగించిందనుకుంటాం. పాలు రాని రోజులు, గ్యాసు బుక్ చేసిన తేదీ, ఫీజు గడువులు, అన్నీ గోడ మీది తెలుగు క్యాలెండరులోనే రాయండి. ఫోనులో రాసుకుంటే ఒక్కరికే కనిపిస్తుంది.

తిండి లెక్క కూడా మారుతుంది. భారత వైద్య పరిశోధన మండలి 2020 లెక్కల్లో 13 నుంచి 15 ఏళ్ల అబ్బాయికి రోజుకి దాదాపు 2,860 కిలో కేలరీలు, 45 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసు పాలల్లో ఆరు, పిడికెడు కందిపప్పులో ఏడు దాకా ఉంటాయి. ఎదిగే పిల్లలిద్దరున్న ఇంట్లో 26 కిలోల బియ్యం బస్తా నెల రాకపోతే ఆశ్చర్యపడక్కర్లేదు. సాయంత్రం ఐదింటికి బడి నుంచి వచ్చేసరికి ఉడకబెట్టిన శనగలో గుడ్లో సిద్ధంగా ఉంటే వీధి చివర నూడుల్స్ బండి దాకా పోరు.

వానలు, జ్వరాలు

జులై నుంచి నవంబరు దాకా అసలు పరీక్ష ఇదే. డెంగీ దోమ పగలు కుడుతుంది, శుభ్రమైన నిల్వ నీళ్లలో గుడ్లు పెడుతుంది, గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. కాబట్టి ప్రతి శుక్రవారం కూలరు, పూలకుండీల పళ్లేలు, ఫ్రిజ్ వెనక ట్రే, డాబా మీది పాత టైరు ఖాళీ చేయడం పెద్దాడి పని. నీళ్లు పారబోస్తే చాలదు, లోపలి అంచు బ్రష్షుతో రుద్దాలి, గుడ్లు అక్కడే అంటుకుని ఉంటాయి.

జ్వరం వస్తే పారాసిటమాల్ బరువు లెక్కన: కిలోకి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటల ఎడంతో, రోజుకి నాలుగుసార్లకు మించకుండా. ముప్పై కిలోల వాడికి 450 మిల్లీగ్రాములు. సిరప్ సీసా మీద అంకె తప్పకుండా చదవండి: 5 మి.లీ.కి 125 ఉండేదీ ఉంది, 250 ఉండేదీ ఉంది. సీసా మారిన సంగతి చూడకుండా అదే కొలత పోస్తే మోతాదు సగమైనా అవుతుంది, రెట్టింపైనా అవుతుంది. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ ఇవ్వకూడదు, రక్తస్రావం పెరుగుతుంది. జ్వరం తగ్గగానే బడికి పంపేయాలన్న తొందర ఉద్యోగస్తులకి సహజమే. కానీ డెంగీలో ప్రమాదం సరిగ్గా జ్వరం తగ్గే ఆ రోజుల్లోనే, మూడు నుంచి ఏడో రోజు మధ్య మొదలవుతుంది. కడుపులో గట్టిగా నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మూత్రం తగ్గడం, మరీ మగతగా ఉండటం, వీటిలో ఏది కనబడినా ఆసుపత్రికే. ఆ రోజులకి సెలవు ఎవరు పెట్టాలో భార్యాభర్తలు జూన్‌లోనే మాట్లాడుకుని ఉంచుకోవాలి.

ఈ కాలంలోనే తొడల మధ్య తామర. తడి ఆరని లోదుస్తులు, బిగుతు ప్యాంట్లు కారణం. నూలు లోదుస్తులు రోజుకి రెండు, ఎండ లేని రోజు ఇస్త్రీ పెట్టె వేడి తగిలించి ఆరబెట్టాలి. మందుల షాపులో అడిగి తెచ్చే స్టెరాయిడ్ కలిపిన క్రీము రెండు రోజులు దురద తగ్గించి, తర్వాత మచ్చని మరింత పెంచుతుంది. డాక్టరుకి చూపించాలి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. పిల్లల జనన ధ్రువపత్రాలు, ఆధార్, మార్కుల జాబితాలు, టీకాల కార్డు అన్నీ నీళ్లు చొరని ఒకే సంచిలో, అటక మీద. ఫోటోలు తీసి ఇద్దరి ఫోన్లలోనూ ఉంచాలి.

అబ్బాయితో నాన్న మాట్లాడాల్సిన మాటలు

పదకొండు, పన్నెండేళ్లకి, మార్పులు రాకముందే చెప్పాలి. గొంతు మారుతుందని, నిద్రలో వీర్యం పోవడం జబ్బు కాదని, కొందరికి రొమ్ము దగ్గర ఉబ్బు వచ్చి ఏడాది, రెండేళ్లలో అదే తగ్గిపోతుందని. నాన్న చెప్పకపోతే ఫోను చెబుతుంది, అదీ తప్పుగా. వీటన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది: వృషణంలో ఉన్నట్టుండి భరించలేని నొప్పి వస్తే, అర్ధరాత్రైనా సరే, సిగ్గుపడకుండా లేపమని. మెలిపడిన వృషణాన్ని దాదాపు ఆరు గంటల్లో సరిచేయకపోతే అది పోయే ప్రమాదం ఉంది. కొందరు పిల్లలు సిగ్గుతో "కడుపునొప్పి" అంటారు, వాంతి కూడా చేసుకుంటారు, ఇంట్లోవాళ్లు గ్యాసు మాత్ర ఇచ్చి పడుకోబెడతారు.

స్కూటరు విషయంలోనూ మెత్తబడకండి. ట్యూషనుకి దింపే తీరిక లేక తాళాలు ఇచ్చేస్తే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 199ఎ ప్రకారం బాధ్యత తల్లిదండ్రులది, వాహన యజమానిది: 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. సైకిలు, సిటీ బస్సు, పక్కింటివాళ్లతో వంతులు, ఏదో ఒకటి జూన్‌లోనే కుదుర్చుకోవాలి.

దసరా నుంచి మార్చి

దసరా సెలవులు పనులు మార్చుకోవడానికి. చిన్నాడు పెద్దాడి పని నేర్చుకుంటాడు, పెద్దాడు కొత్తది ఎత్తుకుంటాడు. ఇంద్రకీలాద్రి ఉత్సవాల రోజుల్లో, ముఖ్యంగా మూలా నక్షత్రం నాడు, వన్‌టౌన్ వైపు పనులు పెట్టుకోకండి. సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు నవంబరు రెండో వారంలోనే రైలు టికెట్లు చూసుకోవాలి, రిజర్వేషన్ ఇప్పుడు అరవై రోజుల ముందే తెరుస్తున్నారు.

పదో తరగతి పిల్లాడుంటే పేరు, పుట్టిన తేదీ, అమ్మానాన్నల పేర్లు బోర్డుకి పంపే జాబితాలో అక్షరం అక్షరం ఆధార్‌తో సరిచూడండి. తర్వాత దిద్దించుకోవడానికి నెలలు పడుతుంది. పదిహేను నిండాక ఆధార్‌లో వేలిముద్రలు కూడా మళ్లీ ఇవ్వాలి, పదిహేడు లోపు అయితే రుసుము లేదు. ఫలితాలు రాకముందే ఇంటర్ కాలేజీల వాళ్లు ఇంటికొచ్చి అడ్వాన్సు అడుగుతారు. మానేస్తే ఎంత తిరిగిస్తారో కాగితం మీద రాసివ్వనిదే రూపాయి కట్టకండి.

పరీక్షల నెలలో ఇంటి పనులు పూర్తిగా తీసేయకూడదు, తగ్గించాలి. పావుగంట పని చదువుకి అడ్డు కాదు, నిద్ర తగ్గడమే అడ్డు: పదమూడు దాటిన వాడికి ఎనిమిది గంటలు తక్కువ కాకూడదు. పరీక్ష కేంద్రం ముందు రోజు సాయంత్రం ఒకసారి వెళ్లి చూసి రావాలి. హాల్ టికెట్ నకళ్లు రెండు తీసి, ఒకటి వాడి సంచిలో, ఒకటి మీ బండి డిక్కీలో ఉంచండి.