ఇంగ్లిష్‌లో రేపటి సంగతులు – 4: విల్ ఎక్కడ పెట్టకూడదు

పోయిన పాఠంలో విల్, గోయింగ్ టు చెప్పి, సొంతంగా వాక్యాలు రాసి పంపమన్నాను. వచ్చినవాటిలో ఎక్కువ కనబడింది ఇది: ‘ఐ విల్ గోయింగ్ టు శ్రీకాకుళం టుమారో.’ రెండూ ఒకేచోట ఇరుక్కున్నాయి. ఈ చిక్కు తీయకుండా ముందుకెళ్తే మిగతావన్నీ దీనిమీదే కూలతాయి.

విల్ పక్కన క్రియ మొదటి రూపం తప్ప ఇంకేదీ నిలబడదు: విల్ గో, విల్ కమ్, విల్ బి. గోయింగ్ టు రావాలంటే దాని ముందు యామ్, ఈజ్, ఆర్‌లలో ఒకటి ఉండాలి. అంతవరకు మీకు తెలుసు. తెలియంది టు తర్వాత సంగతి. ‘అయామ్ గోయింగ్ టు బై ఎ బైక్’లో టు తర్వాత క్రియ ఉంది, అది మనం చెప్పుకున్న గోయింగ్ టు. ‘అయామ్ గోయింగ్ టు శ్రీకాకుళం’లో ఉన్నది ఊరు. ఇది ‘వెళ్తున్నాను’ అనే, జరుగుతున్న పనికి వాడే వర్తమానం. పక్కన టుమారో చేరింది కాబట్టి రేపటి మాటయింది. రెండూ ఒకేలా వినబడతాయి, పని వేరు.

ఈ రెండోదే ఇవాళ్టి పాఠం. ముందే ఏర్పాటు అయిపోయిన పనికి విల్ అక్కర్లేదు. కళ్యాణ మండపం మాట్లాడేశారు, శుభలేఖలు పంచుతున్నారు. ఇంకా ‘ఐ విల్ గెట్ మ్యారీడ్ నెక్స్ట్ మంత్’ అంటే వినేవాడికి ఇప్పుడే మనసులో అనుకున్నట్టు ఉంటుంది. ‘అయామ్ గెటింగ్ మ్యారీడ్ నెక్స్ట్ మంత్’ అనండి. ‘రేపు పలాస వెళ్తున్నాను’ అని తెలుగులో రోజూ అంటూనే ఉన్నాం కదా, అదే. ఒక్క జాగ్రత్త: మన ఏర్పాటులో లేనివాటికి ఇది కుదరదు. ‘ఇట్ ఈజ్ రెయినింగ్ టుమారో’ తప్పు. వానకి మనం ముహూర్తం పెట్టలేం. మబ్బు కమ్మి కనబడుతుంటే ‘ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్.’

టైమ్‌టేబుల్‌కి, క్యాలెండర్‌కి ఇంగ్ లేని సాదా వర్తమానం చాలు. ‘ద ట్రైన్ లీవ్స్ ఎట్ సిక్స్.’ విజయనగరం సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం జరుగుతుంది, కాబట్టి ‘ద ఫెస్టివల్ ఈజ్ ఆన్ ట్యూస్‌డే.’ దీనికింత కంటే చెప్పేదేం లేదు.

ఇక నాకు ఒళ్లు మండించే తప్పు. ‘వెన్ ఐ విల్ రీచ్ ఆమదాలవలస, ఐ విల్ కాల్ యు.’ రెండో విల్ సరే, మొదటిది ఎందుకు? ‘అదేటి మాస్టారూ, చేరడం కూడా రేపే కదా’ అంటారు. మీ తెలుగు మీరే వినండి: ‘ఆమదాలవలస చేరాక ఫోన్ చేస్తాను.’ చేస్తానులో రేపు ఉంది, చేరాకలో లేదు. మన భాషే ఆ భాగంలో భవిష్యత్తు పెట్టడం లేదు. ఇంగ్లిష్ కూడా పెట్టదు: ‘వెన్ ఐ రీచ్ ఆమదాలవలస, ఐ విల్ కాల్ యు.’ తెలుగులో చేయని తప్పు ఇంగ్లిష్‌లో చేస్తున్నారంటే కారణం ఒక్కటే. రేపు అనగానే విల్ అని ఎవరో బట్టీ పట్టించారు.

వానపడితే: ‘ఇఫ్ ఇట్ రెయిన్స్’.
నువ్వొచ్చేదాకా: ‘అంటిల్ యు కమ్’.
చీకటి పడకముందు: ‘బిఫోర్ ఇట్ గెట్స్ డార్క్’.
బస్సు దిగగానే: ‘యాజ్ సూన్ యాజ్ ఐ గెట్ ఆఫ్ ద బస్’.
జీతం వచ్చాక: ‘ఆఫ్టర్ ఐ గెట్ మై శాలరీ’.

ఒక్కదాంట్లోనూ విల్ లేదు. అలాగని వెన్, ఇఫ్ కనబడితే చాలు విల్ కొట్టేయకండి. ‘ఐ డోంట్ నో వెన్ హి విల్ కమ్’ సరైనదే. ‘ఐ డోంట్ నో ఇఫ్ హి విల్ కమ్’ కూడా సరైనదే. నా అడ్డదారి చెప్తాను, ఏ వ్యాకరణంలోనూ వెతక్కండి: తెలుగులో ‘ఎప్పుడొస్తాడో’, ‘వస్తాడో రాడో’ అని చివర ఓ పలికితే విల్ ఉంచండి. ‘వస్తే, వచ్చాక, రాగానే, వచ్చేదాకా’ అయితే తీసేయండి.

షల్ గురించి అడిగారు. ‘షల్ వి గో?’, ‘షల్ ఐ హెల్ప్?’ అని అడగడానికి వాడుకోండి. మిగతాచోట్ల మీ నోటికి పని చెప్పక్కర్లేదు. విల్ హావ్ డన్ వచ్చే పాఠంలో. నాకిష్టమైనది మాత్రం ఇప్పుడే ఇస్తాను: పక్కింటాయన బైక్ కావాలంటే ‘విల్ యు బి యూజింగ్ ద బైక్ టుమారో?’ అనండి. అడిగినట్టూ ఉండదు, అడగనట్టూ ఉండదు.

అభ్యాసం: పలాసలో ఉన్న స్నేహితుడు సిరిమానోత్సవానికి రైల్లో విజయనగరం వస్తున్నాడు. రైలు వేళ, మీరు స్టేషన్‌కి వచ్చే ఏర్పాటు, వాన పడితే ఏం చేస్తారు, అతను దిగగానే ఏం చేయాలి, ఎప్పుడు తిరిగి వెళ్తాడో తెలియదన్న మాట, అన్నీ కలిపి పన్నెండు వాక్యాల ఉత్తరం రాయండి. విల్ మూడుసార్లకు మించకూడదు. ప్రతి విల్ పక్కనా అది ఎందుకు పెట్టారో తెలుగులో ఒక ముక్క రాయాలి. కారణం లేని విల్ ఉంటే ఉత్తరం మొత్తం మళ్లీ రాయిస్తాను.