కుక్కపిల్లను ఇంటికి తెచ్చే ముందు చూసుకోవాల్సినవి

సెలవులు రాగానే పిల్లలు అడిగారని కుక్కపిల్లను తెచ్చేవాళ్లు చాలామంది. తెచ్చే రోజుకు ముందే ఇవి చూసుకోండి.

• 8 వారాలు నిండాయా? పెద్ద పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ఎంత గట్టిగా కొరకొచ్చో పిల్ల నేర్చుకునేది తోబుట్టువులతో ఆటలోనే. పంటి గాటు గట్టిగా పడితే తోటి పిల్ల కుయ్యిమని ఆట మానేస్తుంది. ఆ పాఠం మనం నేర్పడం చాలా కష్టం. "చిన్నప్పుడే తీసుకెళ్తే బాగా మాలిమి అవుతుంది" అనే మాట నమ్మకండి.

• టీకాల కార్డు తీసుకున్నారా? కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. డోసులు పూర్తయ్యేదాకా వేరే కుక్కలు తిరిగే చోట కింద దించకండి. ఎత్తుకుని మాత్రం తప్పకుండా తిప్పండి, కొత్త మనుషులు, చప్పుళ్లు అలవాటయ్యే వయసు ఇదే.

• పగలు దగ్గర ఎవరుంటారు? రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకు మించి ఉచ్చ ఆపుకోలేదు. పగలంతా తాళం పడే ఇల్లయితే ఇప్పుడే వద్దు.

• ఇప్పటిదాకా ఏం తింటోందో అడగండి. తిండి ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి. వారం రోజులపాటు పాతదాంట్లో కొత్తది కొద్దికొద్దిగా కలపండి.

• చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లిపాయ, జైలిటాల్ (చక్కెర బదులు వాడే తీపి పదార్థం) ఉన్న చూయింగ్ గమ్ అందకుండా పెట్టండి. కుక్కలకు ఇవి విషం.

• గుర్రుమంటే కొట్టొద్దని ఇంట్లో అందరికీ చెప్పండి. తోక ముడిచి, చెవులు వెనక్కి వాల్చి, ముఖం తిప్పుకుంటే దానికి భయంగా ఉందని అర్థం. గుర్రుమనడం ఆ తర్వాతి హెచ్చరిక. దెబ్బలతో అది మాన్పిస్తే, ఇంకోసారి హెచ్చరించకుండానే కరవొచ్చు.