సముద్రపు నీళ్ల నుంచి గుప్పెడు ఉప్పు తీయడం ఎలా

1930లో ఈ పని చేసినందుకు మనవాళ్లను జైల్లో పెట్టారు. ఉప్పు లేకుండా ఏ ఇంట్లోనూ పూట గడవదు కాబట్టి, దాని మీద పన్ను వేస్తే కూలివాడి దగ్గర కూడా వసూలవుతుందని రాజ్యాలకు ఎప్పటినుంచో తెలుసు. ఫ్రాన్స్‌లోనూ ఇదే బాధ, అక్కడి ఉప్పు పన్ను విప్లవం వచ్చాక 1790లో గానీ పోలేదు. 1930 ఏప్రిల్ 6న గాంధీ దండిలో ఉప్పు చట్టాన్ని ధిక్కరించారు, మన ఒంగోలు వైపు దేవరంపాడులో టంగుటూరి ప్రకాశం పంతులు గారు శిబిరం నడిపారు. పిల్లలకు ఇదంతా పాఠంలా చెప్పేకన్నా ఒకసారి చేసి చూపించండి, గుర్తుండిపోతుంది.

ఎండాకాలంలో వెళ్లండి. వానల తర్వాత, అందులోనూ గోదావరి, కృష్ణ సముద్రంలో కలిసే చోట్ల నీళ్లలో ఉప్పు బాగా తగ్గిపోతుంది. మురుగు కాలువలు, ఫ్యాక్టరీలు, బోట్ల రేవులు ఉన్న వైపు అసలు వద్దు, ఎందుకంటే కాస్తే సూక్ష్మజీవులు చస్తాయి గానీ రసాయనాలు చాలావరకు అలాగే ఉండి ఇంకా చిక్కబడతాయి. 5 లీటర్లు చాలు. రాత్రంతా కదపకుండా ఉంచి, పైతేట మాత్రం నాలుగు మడతల నూలుబట్టలో వడగట్టండి.

స్టీలు గిన్నెలోనే కాయండి, అల్యూమినియాన్ని ఉప్పు తినేస్తుంది. నీళ్లు ముప్పావు లీటరుకు దిగేసరికి అడుగున తెల్లటి పొడి చేరుతుంది, చూడగానే ఉప్పు వచ్చేసిందని సంబరపడతాం కానీ అది ఎక్కువగా జిప్సం అనే వేరే ఖనిజం, తినే ఉప్పు కాదు. ఇంకోసారి వడగట్టి దాన్ని పారేయండి.

మిగిలిన నీళ్లను వెడల్పాటి స్టీలు పళ్లేల్లో పోసి, పల్చటి బట్ట కప్పి ఎండలో పెట్టండి. నీటి మీద చిన్న చిన్న చదరాలు తేలి, బరువెక్కి మునిగిపోతుంటాయి, అదే ఉప్పు. అసలు మెలకువ ఇక్కడుంది: పూర్తిగా ఎండనివ్వకండి. అన్ని పళ్లేల్లో కలిపి టీ గ్లాసుడు నీళ్లు మిగలగానే వంచేయండి. ఆ చివరి నీళ్లలో మెగ్నీషియం లవణాలుంటాయి, ఒకటే చేదు, పైగా అవి కలిసిన ఉప్పు ఊరికే చెమ్మగిల్లుతుంది. నౌపడా, చినగంజాం ఉప్పు మడుల్లోనూ నీళ్లను మడి నుంచి మడికి మారుస్తూ చిక్కబరచడం వెనక సంగతి ఇదే.

లీటరు సముద్రపు నీళ్లలో మొత్తం లవణాలు సుమారు 35 గ్రాములు, అందులో మనం తినే ఉప్పు 27 దాకా ఉంటుంది. కాబట్టి 5 లీటర్లకు 100 గ్రాములు చేతికొస్తే బాగా చేసినట్టే. రోజూ వంటకు మాత్రం అయోడిన్ ఉప్పే వాడండి, దీంట్లో అయోడిన్ దాదాపు ఉండదు. దీన్ని జాడీలో పోసి మూత బిగించి, మామిడికాయ ముక్కలు కోసినప్పుడు తీసి చల్లుకోండి.