సెంటర్ లాక్ చక్రాన్ని ఎలా విప్పాలి, ఎలా శుభ్రం చేసి బిగించాలి?

మామూలు కారు చక్రాన్ని నాలుగైదు బోల్టులు పంచుకుని పట్టుకుంటాయి. ఒకటి వదులైనా మిగతావి కొంతసేపు ఆదుకుంటాయి. సెంటర్ లాక్ చక్రానికి ఆ వెసులుబాటు లేదు, భారమంతా మధ్యనున్న ఒకే ఒక్క పెద్ద నట్టుదే. అందుకే 991 తరం పోర్షే 911 జీటీ3లో ఆ నట్టును 600 న్యూటన్ మీటర్ల టార్క్‌తో, అంటే తిప్పే బలంతో, బిగిస్తారు. మీటరు పొడవున్న కడ్డీ చివర సుమారు 61 కిలోల బరువు వేలాడదీసినంత బలం అది. మీ కారుకు ఎంత కావాలో తయారీదారు ఇచ్చిన పుస్తకంలో చూసి, రాసి దగ్గర పెట్టుకున్నాకే పని మొదలుపెట్టండి.

అంత బలాన్ని కొలవగల టార్క్ రెంచ్, ఆ నట్టు కోసమే చేసిన సాకెట్, పొడవాటి కడ్డీ, బ్రేకు తొక్కి ఉంచడానికి మరో మనిషి కావాలి. కొన్ని కార్లలో కుడి, ఎడమ వైపుల మరలు వ్యతిరేక దిశల్లో తిరుగుతాయి. ఏ వైపు నట్టు ఎటు తిరుగుతుందో ముందే తెలుసుకోండి.

1. చక్రం నేలమీద ఉండగానే, బ్రేకు తొక్కించి నట్టును వదులు చేయండి. సాకెట్‌ను లోపలికంటా నొక్కాలి. చాలా కార్లలో లోపలి స్ప్రింగు లాక్ అప్పుడే వెనక్కి జరిగి నట్టును వదులుతుంది. గాలితో తిరిగే గన్ను వాడవద్దు. ఆ తర్వాతే కారును జాకీతో లేపి, స్టాండు మీద నిలిపి చక్రం తీయండి.

2. పాత గ్రీజును మెత్తని గుడ్డతో పూర్తిగా తుడిచేయండి. బ్రేకుల నుంచి రాలిన పొడి అందులో కలిసి గరుకు కాగితంలా లోహాన్ని అరగదీస్తుంది. తీగల బ్రష్షు మాత్రం వద్దు. మరల మీద, నట్టు శంకువు ఆకారంలో చక్రానికి ఆనుకునే చోట గోటితో తడిమి చూడండి. గీత గోటికి తగిలినా, లోహపు పొర లేచినా ఆ నట్టు మార్చాల్సిందే. ఆకురాయితో సరిచేద్దామనుకోవడం ప్రమాదం.

3. ఇప్పుడు గ్రీజు. ఈ పని మొత్తంలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడేనని నా నమ్మకం. టార్క్ రెంచ్ మనకు చెప్పేది మనం తిప్పిన బలం, చక్రాన్ని నట్టు నొక్కి పట్టిన బలం కాదు. తిప్పిన బలంలో ఎక్కువ భాగాన్ని రాపిడే తినేస్తుంది. మరలు పొడిగా ఉంటే రెంచ్ 'టక్'మని సరైన అంకె దగ్గరే ఆగుతుంది, పట్టు మాత్రం తక్కువే ఉంటుంది. రాపిడి మరీ తగ్గిపోతే అదే అంకెకు నట్టు మితిమీరి బిగుసుకుంటుంది. అందువల్ల తయారీదారు చెప్పిన రకం గ్రీజునే, చెప్పిన చోట్లనే, పలుచగా రాయండి. బ్రేకు డిస్కుకు అంటితే వెంటనే పూర్తిగా శుభ్రం చేయండి.

4. హబ్ (చక్రం ఆనుకుని బిగిసే మధ్య భాగం) మీది పిన్నులు చక్రం రంధ్రాల్లో సరిగా కూర్చున్నాయో చూసి, నట్టును మొదటి కొన్ని చుట్లు చేత్తోనే తిప్పండి. ఎక్కడైనా పట్టేస్తే బలవంతం చేయక వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టండి.

5. బ్రేకు తొక్కించి, రెంచ్‌ను కుదుపుల్లేకుండా లాగుతూ చివరి టార్క్‌కు బిగించండి. ఒకసారి బిగించి, కొద్దిగా వదులు చేసి, తిరిగి బిగించమని కొందరు తయారీదారులు చెబుతారు. గ్రీజు సమంగా పరచుకుని, చక్రం తన స్థానంలో కుదురుకోవడానికే ఆ పద్ధతి. మీ పుస్తకంలో ఉంటే తప్పక పాటించండి.

6. సాకెట్ తీశాక లోపలి లాక్ ముందుకు వచ్చి నట్టు పళ్లలో కూర్చుందా? కంటితో చూడండి, వేలితో తాకండి. రాకపోతే కారును అంగుళం కూడా కదిలించవద్దు. సాకెట్ మళ్లీ పెట్టి, పుస్తకంలో చెప్పిన ప్రకారం పళ్లు కలిసేలా సరిచేయండి.

రేసు ట్రాక్ మీద నడిపే కారైతే బ్రేకుల వేడికి గ్రీజు త్వరగా చెడుతుంది, కాబట్టి ఈ శుభ్రత అంతా మరింత తరచుగా చేయాలి. నట్టు మీద, చక్రం మీద కలిసేలా రంగుతో ఒక గీత గీస్తే, నట్టు రవ్వంత కదిలినా దూరం నుంచే తెలిసిపోతుంది. నట్టును, హబ్‌ను ఎప్పుడు మార్చాలో తయారీదారు గడువు పెట్టి ఉంటే, చక్రం విప్పిన ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి.